అబూ లబీబ్ బొటనవేలి గోరు

అబూ లబీబ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కొమ్మలాగో పుల్లలాగో కనిపించినది ఏదైనా సరే, దాన్ని కుడిచేతి బొటనవేలి గోటితో గీకి చూడనిదే ఆయన ప్రాణం ఊరుకోదు. గీకాక ఇచ్చే తీర్పులు మూడే మూడు. గీతలో పచ్చదనం కనిపిస్తే "పచ్చ". పొట్టు పొడిపొడిగా రాలితే "ఎండు". అటూ ఇటూ తేలకపోతే "ఆగాలి". నాలుగో తీర్పు ఆయన నోట విన్నవాళ్ళు అమ్మాన్ ఊరు మొత్తమ్మీద లేరు.

ఆ గోరు సంగతి సెలూన్ వజీహ్‌ని అడగాలి. ప్రతి గురువారం పెద్దాయన వచ్చి గడ్డం గీయించుకుని, తొమ్మిది గోళ్ళు కత్తిరించుకుని, పదోది పిడికిట్లో దాచేసేవాడు.

"అదీ ఇలా ఇవ్వు బాబాయ్. పారలా పెరిగింది."

"అది నా పనిముట్టురా. నీ కత్తెర ఇమ్మని నేనెప్పుడైనా అడిగానా?"

అంటూ లేచి, పోతూ పోతూ కోట్లు తగిలించే కర్రని ఒకసారి గీకి, "ఎండు" అని చెప్పి మెట్లెక్కేవాడు. వారం వారం అదే కర్ర, అదే తీర్పు. దాని మీది గీతలు చూసి, షాపులో పిల్లిని పెంచుతున్నావా అని కొత్తవాళ్ళు వజీహ్‌ని అడిగేవారు.

ఈ అలవాటు ఉద్యోగంలో అంటుకుంది. ముప్ఫై నాలుగేళ్ళు ఆయన ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూశాడు. మీటరు బాల్కనీలోనో మేడమీదో ఉంటుంది. జనం తీగలు పెంచేదీ అక్కడే. ఒలీవ నూనె డబ్బాలో మల్లె, నెయ్యి డబ్బాలో ద్రాక్ష, పగిలిన బకెట్లో కాగితం పూల తీగ. ఎడమ చేత్తో అంకె రాసుకుంటూ కుడిచేత్తో గీకడం మరిగాడు. ఉద్యోగానికి గడువు తీరిందిగాని గోటికి తీరలేదు.

ఒకసారి గుండెలో పట్టేసినట్టుందని పెళ్ళాం ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు చెవులకి గొట్టం తగిలించుకుని వచ్చేసరికి, రోగి బల్ల దిగి మూలనున్న తీగ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎండు" అన్నాడు.

"అది ప్లాస్టిక్కండీ!"

"అయితే ఎప్పుడో పోయిందన్నమాట. నీళ్ళెందుకు పోస్తున్నారు?"

నిజంగానే అక్కడి ఆయా మూడేళ్ళుగా దానికి నీళ్ళు పోస్తోందట. డాక్టరు ముందు ఆయాని కేకలేసి, ఆ తర్వాత అబూ లబీబ్ గుండె విన్నాడు. గుండె బాగానే ఉంది.

ఇంతకీ అసలు కథ జనవరిలో మంచు కురిసిన ఏడాదిది. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా పడింది. లువైబ్దా కొండ మీద మా మెట్ల వీధికి తొంభై నాలుగు మెట్లు. అవి కనబడకుండా కూరుకుపోయాయి. జనం పిల్లల్ని లోపలికి లాక్కున్నారు, పొయ్యిలు రాజేసుకున్నారు, డబ్బాల్ని మాత్రం బయటే మరిచిపోయారు. నేలలో నాటిన తీగకి ఆ నేలే దుప్పటి. డబ్బాలో తీగకి చుట్టూ ఉన్నది రేకు, చలి నాలుగు వైపుల నుంచీ వేళ్ళని పట్టేస్తుంది. అది తెలిసిన ఒకే ఒక్క మనిషి అబూ లబీబ్. తన డబ్బాలన్నిటినీ ఇటుకల మీదికెక్కించి, గోనె పట్టాలు చుట్టి, అవి చాలక ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి కంబళి తెచ్చి మల్లెకి కప్పాడు.

"నేను చలికి కొయ్యబారిపోతే నన్నూ గీకి చూస్తావా?" అంది పెళ్ళాం ఉమ్మ్ లబీబ్.

"నీకేం భయం లేదు. ఇంత మాట్లాడుతున్నావంటే పచ్చే."

మంచు కరిగాక చూస్తే వీధిలో తీగలన్నీ మాడిన వైర్లలా వేలాడుతున్నాయి. ఫిబ్రవరి అంతా ఆయనకి తీరిక లేదు. ఒక్కో బాల్కనీకి వెళ్ళడం, చివరి నుంచి మొదలుపెట్టి కిందికి బెత్తెడేసి దూరంలో గీకుతూ రావడం, "పైనంతా పోయింది, కింద సంగతి ఆగాలి. మే దాకా నరకొద్దు, పారెయ్యొద్దు, నీళ్ళతో ముంచొద్దు" అని చెప్పడం. కాగితం పూల తీగని మా ఊళ్ళో 'పిచ్చిది' అంటారు. అది పేరుకి తగ్గదే. చచ్చినట్టు పడుంటుంది, ఎప్పుడో వేసవి ముంగిట్లో అందరూ ఆశ వదిలేశాక లేస్తుంది. కిరాణా కొట్టాయన ఆగలేక తనదాన్ని చెత్తకుప్ప మీద పారేస్తే అది అక్కడ చిగురు వేసింది. అబూ లబీబ్ వారం రోజులు వచ్చేపోయే ప్రతి ఒక్కరినీ చెయ్యిపట్టి లాక్కెళ్ళి ఆ కుప్ప చూపించాడు.

ఇలాంటి మనిషి వల్ల వీధికి ఒక్క చోటే ఇబ్బంది. పిల్లనడగడానికి పెద్దలు గుంపుగా వెళ్తారు చూశారూ, దాన్ని జాహా అంటారు. మగపెళ్ళివారి పెద్ద ముందు కూర్చుంటాడు. పిల్ల తరఫువాళ్ళు కాఫీ ఇస్తారు. ఆయన తాగకుండా కప్పు బల్ల మీద పెట్టి, మా మాట మన్నిస్తేనే తాగుతాం అంటాడు. పిల్ల తండ్రో అన్నో "తాగండి" అంటే పెళ్ళి ఖాయం. పెద్దాయన తాగితేనే మిగతావాళ్ళు తాగాలి. ఇంటికొచ్చిన పెద్దల్ని కాఫీ తాగించకుండా పంపడం ఎంత అప్రతిష్ఠ అంటే, ఇష్టం ఉన్నా లేకపోయినా చాలామంది "తాగండి" అనేస్తారు. తెల్లజుట్టు, నిండైన విగ్రహం, ప్రతి ఇంట్లో పరిచయం. జాహా అంటే అబూ లబీబ్‌ని పిలవక తప్పదు. పిలిచాక ఏడవకా తప్పదు.

ఎందుకంటే కప్పు బల్ల మీద పెట్టగానే ఆయన కళ్ళు బాల్కనీ వైపు పోతాయి. "ఒక్క నిమిషం. మీ తీగ చూసొస్తా" అని లేస్తాడు. ఇక్కడ తొమ్మిదిమంది పెద్దమనుషులు చల్లారుతున్న కాఫీ ముందు గుడ్లు మిటకరిస్తూ కూర్చోవాలి. పదకొండేళ్ళ కిందట హాజీ రషాద్ ఇంట్లో ఇదే జరిగింది. హాజీ కూతురు మైసూన్‌ని ఒక బియ్యం వ్యాపారికి అడగడానికి వెళ్ళారు. అబూ లబీబ్ బాల్కనీలోకి పోయి, తిరిగొచ్చి, తలుపు దగ్గర నిలబడే చెప్పాడు.

"హాజీ, మీ మల్లె ఎండు."

అందరూ తిరిగి చూశారు. మే నెల. ఆ మల్లె బాల్కనీ కమ్మీ కనపడకుండా పూసి ఉంది. వాసన గదిలోకి కొడుతోంది.

"అది పూసిందయ్యా!" అన్నాడు హాజీ.

"ఎండు" అన్నాడు ఈయన మళ్ళీ. "ఎండిన ఇంట్లో శుభమాట ఎత్తకూడదు. పదండి." కాఫీ తాగకుండానే అందరినీ లేవదీశాడు. ఆ సంబంధం అక్కడితో సరి. బియ్యం వ్యాపారి ఈనాటికీ ఆ మెట్లు ఎక్కడు. ఇలా మొత్తం మూడు సంబంధాలు ఆ గోరు కింద నలిగాయి.

ఈ చరిత్రంతా తెలిసినవాడు వజీహ్. అందుకే తన జాహాకి ఆయన్ని వద్దుగాక వద్దన్నాడు.

వజీహ్‌కి నలభై రెండేళ్ళు. రెండేళ్ళుగా అతని మనసంతా రుదైనా మీదే. ఆమె తపాలా ఆఫీసులో ఉద్యోగి, తల్లి పోయాక అన్న గాలిబ్ ఇంట్లో ఉంటోంది. రోజూ పొద్దున్న అరవయ్యో మెట్టు దగ్గరున్న ఆ ఇంట్లోంచి దిగి సెలూన్ ముందునుంచే పోతుంది. వజీహ్ "సలాం" అంటాడు. ఆమె "సలాం" అంటుంది. రెండేళ్ళలో అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఆమె పోయాక కూడా కుర్చీలో కూర్చున్నవాడి చెవి పట్టుకుని అలాగే వీధిలోకి చూస్తుండేవాడు. ఆమె కాదంటే ఇంక పెళ్ళి మాటే ఎత్తనని అప్పటికే తీర్మానించుకున్నాడు.

తీరా మార్చి ఆఖర్లో జాహా రోజున, ముందుండాల్సిన మేనమామ నడుం పట్టేసి మంచమెక్కాడు. గాలిబ్‌కి కబురు వెళ్ళిపోయింది, వాయిదా వేస్తే మర్యాద కాదు. మిగిలినవాళ్ళలో వయసులో పెద్ద అబూ లబీబే. వజీహ్ నెత్తీ నోరూ బాదుకుని, చివరికి సెలూన్‌లోనే పెద్దాయన్ని కూర్చోబెట్టి బొటనవేలికి గాజుగుడ్డతో మూడు చుట్లు కట్టు కట్టాడు.

"నాకేం దెబ్బ తగల్లేదు కదరా?"

"ఇంకా తగల్లేదు బాబాయ్. దీన్ని ఊడదీశావో, అప్పుడు తగుల్తుంది."

గాలిబ్ ఇంట్లో అంతా సవ్యంగా మొదలైంది. గాలిబ్ మొహం చూస్తేనే తెలుస్తోంది, "తాగండి" అనే మాట నాలుక చివర పెట్టుకుని కూర్చున్నాడు. చెల్లెలి గది ఖాళీ అయితే పెద్దకొడుక్కి ఇవ్వొచ్చని ఆయన లెక్క. కాఫీ వచ్చింది. అబూ లబీబ్ కప్పు బల్ల మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"గాలిబ్, ఆ బాల్కనీలో ఉన్నది పిచ్చిదేనా?"

"అవునండి. మంచుకి పోయింది. అదలా ఉంచండి, తమరేదో..."

"ఒక్క నిమిషం."

వజీహ్ చూస్తుండగానే పెద్దాయన పళ్ళతో కట్టు పీక్కుంటూ బాల్కనీలోకి నడిచాడు. అడగనిదే ఇస్తామనడం పద్ధతి కాదు గనక గాలిబ్ నోరు మూసుకు కూర్చున్నాడు. పెద్ద తాగనిదే తాగకూడదు గనక మిగతావాళ్ళూ అంతే. పది నిమిషాలయింది. ఇరవై అయింది. ఒకాయన కునుకు తీశాడు. వజీహ్‌కి మాత్రం చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది.

అబూ లబీబ్ వచ్చాడు. "ఆగాలి" అన్నాడు.

"ఏది ఆగాలి?" అన్నాడు గాలిబ్.

"పైన ఎండులా ఉంది. కింద సంగతి ఇప్పుడే చెప్పలేం. చిగురు వేశాక వస్తాం. సెలవు."

తొమ్మిది కప్పులూ నిండుగానే వంటింట్లోకి తిరిగి వెళ్ళాయి.

మెట్లు దిగుతూ వజీహ్ ఎన్ని మాటలన్నాడో రాయకూడదు. చివరి మాట మాత్రం ఇది: "నా కొంప ముంచావు. ఇకపై నీ గడ్డం మీద నా కత్తి ఆనదు."

ఆనలేదు. అబూ లబీబ్ వేరే సెలూన్‌కైనా వెళ్ళాడా అంటే, లేదు. ఇరవై ఏళ్ళుగా ఒకే చేతికి అలవాటుపడిన గడ్డాన్ని పరాయివాడికి అప్పగించనన్నాడు. రెండు వారాలకి గడ్డం ముల్లుపందిలా లేచింది, నాలుగు వారాలకి మెడ కనపడకుండా కమ్మేసింది. ఉమ్మ్ లబీబ్ ఆ మొహం చూడలేక అటు తిరిగి పడుకునేది. అంత గడ్డంతోనూ ఆయన రోజూ సెలూన్ గడప బయట నిలబడి, అడక్కపోయినా కబురు చెప్పి పోయేవాడు.

"ఒరే అబ్బాయ్, ఇవాళ రెండో కణుపు దగ్గర గీకాను. ఎండు అని కొట్టిపారెయ్యడానికి లేదు."

"నాకెందుకు చెప్తావు బాబాయ్? ఆ తీగని పెళ్ళి చేసుకుంటానన్నానా నేను?"

మర్నాడు మళ్ళీ. "ఇవాళ మొదట్లో కాస్త తేమ తగిలింది. నువ్వూ వెళ్ళి చూస్తే బాగుంటుంది."

వజీహ్ రేడియో గొంతు పెంచేవాడు. రుదైనాకి ఎదురుపడే మొహం లేక, ఆమె దిగే వేళకి షాపు లోపలికి పోయి తువ్వాళ్ళు మడతపెట్టుకునేవాడు. సలాం కూడా పోయింది.

మే నెల మొదటి శుక్రవారం. హాజీ రషాద్ కుర్చీలో వెనక్కి వాలి, మొహం మీద వేడి తువ్వాలు కప్పుకుని గుర్రు పెడుతున్నాడు. ఆయన్ని భోజనానికి తీసుకుపోదామని కూతురు మైసూన్ గడప దాకా వచ్చింది. ఆమెకిప్పుడు పెళ్ళయి ముగ్గురు పిల్లలు. ఎదురుగా మెట్టు మీద కూర్చున్న ఆకారాన్ని చూసి గుర్తుపట్టలేకపోయింది.

"ఆ గడ్డమాయన ఎవరు వజీహ్ అన్నా? అబూ లబీబ్ గారిలా ఉన్నారే!"

వజీహ్ ఇంక ఆగలేక ఉన్న కడుపుమంటంతా వెళ్ళగక్కాడు. కట్టు కట్టడం, పళ్ళతో పీకడం, ఇరవై నిమిషాలు, ఆగాలి. మైసూన్ తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది.

"బాల్కనీలో రుదైనా ఉందా?"

"ఉందేమో. ఆడవాళ్ళు అటే కదా ఉండేది. అయితే?"

మైసూన్ తండ్రి గుర్రు ఒకసారి విని, గొంతు తగ్గించింది. "అన్నా, మా మల్లె ఎండిపోయిందనుకున్నావా? ఆ రోజు నేను ఆ బాల్కనీ మూల ఏడుస్తూ నుంచున్నా. నాన్న నన్నొక మాట అడగలేదు, అమ్మ అడగలేదు. ఈయనొచ్చి, మల్లెని గీకుతూ, నా మొహం చూడకుండా, 'తల్లీ, లోపలికెళ్ళి పచ్చ అని చెప్పనా, ఎండు అని చెప్పనా?' అన్నారు. ఎండు బాబాయ్, ఎండు అన్నాను. అంతే. వెళ్ళి చెప్పేశారు. పిచ్చివాణ్ణని అందరిచేతా అనిపించుకున్నారు, నా పేరు బయటికి రానివ్వలేదు."

గుర్రు ఆగిపోయి చాలాసేపయిందని ఇద్దరూ గమనించలేదు.

"ఏమిటే?" అంది తువ్వాలు. హాజీ లేచి కూర్చున్నాడు, మొహం ఎర్రగా ఆవిర్లు కక్కుతోంది. "పదకొండేళ్ళు! పదకొండేళ్ళ నుంచి ఆ మల్లెకి జబ్బు చేసిందని మేకపెంట మోసుకొచ్చి వేస్తున్నానే నేను!"

"అందుకే నాన్నా అంత బాగా పూస్తోంది" అంది మైసూన్. హాజీ ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, చివరికి తనే నవ్వేశాడు.

వజీహ్ మాత్రం నవ్వలేదు. అతను ఆ మూడు తీర్పుల దగ్గరే ఆగిపోయాడు. రుదైనా దగ్గరికి వెళ్ళొచ్చి పెద్దాయన చెప్పింది "ఎండు" కాదు, "ఆగాలి". రోజూ గడప బయట నిలబడి మొత్తుకుంటున్నది ఏ తీగ గురించో ఇప్పుడు తెలిసింది. నువ్వూ వెళ్ళి చూస్తే బాగుంటుంది అని కూడా చెప్పాడు మహానుభావుడు. తను రేడియో పెంచాడు.

హాజీని గడ్డం గియ్యకుండానే వదిలేసి బయటికి పరిగెత్తి, అబూ లబీబ్‌ని రెక్క పట్టుకుని తెచ్చి పక్క కుర్చీలో కూలేశాడు. రెండు కత్తులు మొద్దుబారాయి ఆ గడ్డానికి.

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"ఏం చెప్పాలి? నేను తీగని గీకాను, అంతే."

"ఆమె ఏమంది?"

"తీగలు మాట్లాడవురా" అన్నాడు పెద్దాయన కళ్ళు మూసుకుని. వజీహ్ పెద్దాయన చెయ్యి అందుకున్నాడు. తొమ్మిది గోళ్ళు కత్తిరించి, పదోదానికి ఆకురాయి పట్టి స్వయంగా పదును పెట్టాడు.

ఆ సాయంత్రమే అరవయ్యో మెట్టు ఎక్కాడు. బాల్కనీ కమ్మీ మెట్లవైపే ఉంటుంది. కమ్మీకి లోపల నెయ్యి డబ్బాలో పిచ్చిది, దాని పక్కన బట్టలు తీస్తూ రుదైనా.

"సలాం. తీగని... ఒకసారి గీకి చూడమంటారా?"

"మీకూ పట్టుకుందా?" అంది ఆమె.

వజీహ్ కమ్మీలోంచి చెయ్యి దూర్చాడు. మంగలి చేతికి గోరెక్కడుంటుంది? మొదలంటా కత్తిరించి ఉంది. ఎంత రుద్దినా గీత పడలేదు. కాస్త గట్టిగా నొక్కేసరికి కొమ్మ ఠప్పున విరిగి చేతిలోకొచ్చింది. విరిగినచోట పొట్టు కింద సన్నగా, తడిగా, పచ్చటి వలయం.

"పచ్చే!" అన్నాడు.

"పచ్చే. నాలుగు నెలలు మంచుకి చావంది మీ చేతిలో చచ్చింది."

వజీహ్ విరిగిన కొమ్మని తిరిగి డబ్బాలో గుచ్చాడు. "తొమ్మిదిమందిని వెంటేసుకొచ్చాను. మిమ్మల్ని అడగాలని మాత్రం తోచలేదు. తప్పయింది. ఇప్పుడు అడుగుతున్నాను."

రుదైనా బట్టలు బుట్టలో వేసింది. "రెండేళ్ళలో మీ దగ్గర విన్నది సలాం ఒక్కటే. గొంతెలా ఉంటుందో తెలియని మనిషికి ఊ అని ఎలా అనేది? అదే చెప్పాను బాబాయ్‌తో."

"ఇప్పుడు విన్నారుగా."

"విన్నాను. బొంగురు" అంది. పెదవి చివర నవ్వు దాచుకోలేకపోయింది. "ఆగాలి."

"ఎన్నాళ్ళు?"

"చిగురు వేసేదాకా. ఉన్న కొమ్మ మీరు విరిచారు గనక, కాస్త ఆలస్యమవుతుంది. రోజూ వచ్చి నీళ్ళు పోసి పోండి. మరీ ముంచకండి."

రోజూ వెళ్ళాడు. నీళ్ళు గ్లాసెడు, మాటలు గంటెడు. మే ఆఖరున పిచ్చిది మొదట్లోంచి నాలుగు ఎర్రటి చిగుళ్ళు తోసింది. జూన్‌లో ఒక రెమ్మ పూసింది కూడా. జాహా మళ్ళీ బయల్దేరింది. ఈసారి మేనమామ నడుం బాగానే ఉంది, అయినా ముందు అబూ లబీబే నడవాలని వజీహ్ పట్టుబట్టాడు. వేలికి కట్టు లేదు.

కాఫీ వచ్చింది. పెద్దాయన కప్పు బల్ల మీద పెట్టి, లేచాడు. గదంతా ఒక్కసారి నిట్టూర్చింది.

"ఇంకా ఏం చూడాలండీ?" అన్నాడు గాలిబ్ ఏడుపు మొహంతో. "పూలు పూస్తోంది!"

"నిండుగా పూసిన మల్లె ఎండిపోవడం నేను చూశాను నాయనా" అన్నాడు అబూ లబీబ్. మూలన కూర్చున్న హాజీ రషాద్‌కి దగ్గు ముంచుకొచ్చింది.

పెద్దాయన బాల్కనీ తలుపు దాకా కూడా పోలేదు. బాల్కనీలోంచి రుదైనా గొంతు తొమ్మిదిమందికీ వినపడేలా వచ్చింది.

"పచ్చ బాబాయ్, పచ్చ! వెళ్ళి కూర్చోండి, కాఫీ చల్లారిపోతోంది!"

ఆ ఇంట్లో ఒక పిల్ల తన పెళ్ళి మాట తనే అంత గట్టిగా చెప్పడం అదే మొదలు. గాలిబ్ అటు చూశాడు, ఇటు చూశాడు, "తాగండి" అనబోయాడు. అబూ లబీబ్ అప్పటికే తన చోటికొచ్చి కూర్చున్నాడు. అలవాటు ప్రాణం ఊరుకోక కుర్చీ చెయ్యిని ఒకసారి గోటితో గీకి చూశాడు.

"ఇది మాత్రం ఎండే" అని, కప్పెత్తి కాఫీ తాగేశాడు.